మూడో పిలుపు

కంటికి రెప్ప ఉన్నది, చెవికి లేదు. చూడరానిదాన్ని చూడకుండా కన్ను మూసుకొనవచ్చు. వినరానిదాన్ని వినకుండా ఉండే ఉపాయం మాత్రం సృష్టికర్త చెవికి కల్పించలేదు. మనం నిద్రపోయినా అది మేలుకొనే ఉంటుంది. భయానికీ చెవికీ గల చుట్టరికం ఇక్కడే మొదలవుతుందని నాకు చాలాకాలంగా ఒక అభిప్రాయం. ఆ అభిప్రాయాన్ని డెబ్బై ఏళ్లు దాటిన తరువాత, నోయిడాలోని మా ఇంట్లోనే పరీక్షకు పెట్టవలసి వస్తుందని మాత్రం అనుకోలేదు.

మా చెల్లెలి కూతురు ఢిల్లీలో చలనచిత్ర విద్య అభ్యసించింది. చదువు ముగిసిన తరువాత నలుగురు స్నేహితులతో కలిసి పన్నెండు నిమిషాల లఘుచిత్రం ఒకటి తీయ సంకల్పించింది. అది భయానక చిత్రం. చేతిలో సొమ్ము స్వల్పం. కథలో కనిపించే పాత్ర ఒక్కటే. కథాస్థలం ఒక ఫ్లాటు. ఒక ఆదివారం వచ్చి, “మామయ్యా, మీ ఇల్లు ఒక వారం రోజులు కావాలి. దానితోపాటు మీ చెవులు కూడా కావాలి” అన్నది. చెవులు అడగటానికి కారణం ఉన్నది. దాని చిన్నతనంలో నేను చెప్పిన రేడియో కబుర్లు అది మరచిపోలేదు.

విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబరు 1న ప్రారంభమైంది. డెబ్బైల దశకంలో, కళాశాల చదువు ముగించి ఉద్యోగం వెతుక్కుంటున్న రోజుల్లో, అక్కడి నాటకాల్లో అప్పుడప్పుడు నాకు చిన్న చిన్న పాత్రలు దొరికేవి. నండూరి సుబ్బారావుగారి వంటి మహానటుల గొంతులు విని తెలుగునాడు నవ్విన, కన్నీరు పెట్టిన కాలమది. నన్ను ఎక్కువగా ఆకర్షించింది గొంతుల కంటే వాటి వెనుక ఉండే చప్పుళ్లు. రెండు కొబ్బరిచిప్పలు గుర్రమయ్యేవి. పలచని ఇనుపరేకును ఊపితే ఉరుము. కాగితం మీద బియ్యపు గింజలు రాలిస్తే వాన. స్టూడియో మూలన గోడ అనేది లేకుండా ఒంటరిగా నిలబడిన తలుపొకటి ఉండేది. దాని పని కిర్రుమనటమే. ఒకసారి దయ్యం నాటకమొకటి రిహార్సలు చేస్తూ, దయ్యం ప్రవేశానికి ఏ చప్పుడు పెట్టాలా అని మేము తర్జనభర్జన పడుతుంటే అక్కడి పెద్దాయన ఒకరు ఇలా అన్నారు: “కొత్త చప్పుడు తేకండి. ఇంట్లో ఉన్న చప్పుడు ఒకటి ఆపెయ్యండి. అంతవరకూ కొట్టుకుంటున్న గోడగడియారం ఆగిపోవాలి. వినేవాడికి ఏం జరిగిందో తెలియదు, ఒళ్లు మాత్రం జలదరిస్తుంది.” ఆ మాట నాకు నేటికీ గురువాక్యం.

భరతముని నాట్యశాస్త్రం ఆరవ అధ్యాయంలో భయానక రసానికి విభావాలు చెబుతూ మొట్టమొదట పేర్కొన్నది వికృతమైన ధ్వనిని. భూతదర్శనం దాని తరువాతిది. నక్కల, గుడ్లగూబల వలన కలిగే త్రాసం, శూన్యగృహాలు, అరణ్యాలు ఆ వెనుక వస్తాయి. భయం కంటి కంటే ముందు చెవి ద్వారానే లోపలికి వస్తుందని ఆయన ఎరుగును. అయితే ‘వికృతం’ అనే మాటకు పెద్దదనీ, కఠోరమైనదనీ అర్థం చెప్పుకొనటంలోనే మనం పొరపడుతున్నామేమో. ఉన్నది ఉన్నట్లుగాక మారిపోయినదే వికృతం. ఉండవలసిన చోటు తప్పిన ధ్వని, ఎంత మెత్తనిదైనా, వికృతమే.

ఈ సత్యం నాకు ఢిల్లీ నేర్పింది. 1979లో కేంద్ర ప్రభుత్వోద్యోగం మీద వచ్చి కరోల్‌బాగ్‌లో ఒక మేడమీద బర్సాతీ గదిలో దిగాను. డిసెంబరు పొగమంచులో రాత్రి రెండు గంటలకు వీధిలో ఎవరో రాతినేల మీద కర్రతో కొడుతూ నడుస్తున్న చప్పుడు. ఠక్కు. నాలుగడుగులు. మళ్లీ ఠక్కు. మధ్యలో సన్నని ఈల. మా కృష్ణా జిల్లా పల్లెలో అర్ధరాత్రి అటువంటి చప్పుడు వినిపిస్తే ఊరంతా లేచేది. అది పేట కాపలాదారు చౌకీదారు చేసే పని అనీ, దొంగలకు హెచ్చరికగా, ఇళ్లవారికి భరోసాగా ఆ కర్ర మోగుతుందనీ మర్నాడు ఇంటి యజమాని చెప్పాడు. నెల తిరిగేసరికి ఆ చప్పుడు వినిపించనిదే నాకు నిద్రపట్టని స్థితి వచ్చింది. చప్పుడు అదే. మారింది దానితో నా సంబంధం.

ఆ గదిలో నాకు మరొక తోడు ఉండేది. ఆనాడు జాతీయ వార్తలు తెలుగులో ఢిల్లీ నుంచే చదివేవారు. కందుకూరి సూర్యనారాయణ, అద్దంకి మన్నార్ ప్రభృతుల గొంతులు పార్లమెంటు వీధిలోని ఆకాశవాణి భవనం నుంచి బయలుదేరి, నా గదికీ, వెయ్యి మైళ్లకు పైబడిన దూరంలో ఉన్న మా అమ్మ వంటింటికీ ఒకే క్షణంలో చేరేవి. “నువ్వున్న ఊళ్లోంచే కదరా మాట్లాడేది, వింటుంటే నువ్వు పక్కగదిలో ఉన్నట్టే ఉంటుంది” అని అమ్మ ఉత్తరంలో వ్రాయించేది. మనిషి లేకుండా గొంతు ఒక్కటే రావటం ఆమెకు ఊరట. అదే సంగతి రాత్రివేళ, మరొక విధంగా జరిగితే భయం. ఈ రెంటికీ మధ్య ఉన్న గోడ చాలా పలుచనిది.

మేనకోడలు వ్రాసుకొన్న కథ సరిగ్గా ఆ గోడ మీద నిలబడింది. రాత్రిపూట ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే మూడుసార్లు పిలిచేదాకా పలకరాదని మన పల్లెల్లో పెద్దలు చెప్పేవారు. దయ్యం అయినవారి గొంతుతోనే పిలుస్తుంది. అయితే మూడోసారి పిలవలేదు అని నమ్మిక. కొన్ని దశాబ్దాల క్రితం తెలుగు పల్లెల్లో తలుపుల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని వ్రాసుకొన్న సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. కన్నడ దేశంలోనూ ఇదే అర్థంలో ‘నాళె బా’ అని వ్రాశారు. ఈ నమ్మికలోని భయమంతా పరాయి గొంతులో లేదు, తెలిసిన గొంతులోనే ఉన్నది. చిత్రకథలో ఢిల్లీలో ఒంటరిగా ఉంటూ ఉద్యోగం చేసుకొనే ఒక తెలుగు యువతిని, చనిపోయిన అమ్మమ్మ గొంతు వంటింట్లోంచి రెండుసార్లు పిలుస్తుంది. ఆమె మూడో పిలుపు కోసం తెల్లవారేదాకా ఎదురుచూస్తుంది. కథ అంతే.

చిత్రీకరణ ముగిసి, తొలి కూర్పు సిద్ధమైంది. మా హాలులో టీవీ మీద చూశాము. పిల్లలు తమకు తెలిసిన ధ్వనులన్నీ అందులో కుమ్మరించారు. గాలి హోరు, తలుపుల కిర్రులు, ఉన్నట్టుండి గుండె అదిరే మోతలు, వాటి కింద ఎడతెగని వాద్యఘోష. మా ఆవిడ ఆ పన్నెండు నిమిషాలూ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూనే చూసింది. రెండుసార్లు ఉలిక్కిపడింది, వెంటనే మరో కాయ తీసుకొన్నది. “ఏమనిపించింది అత్తయ్యా?” అని అమ్మాయి అడిగితే, “బాగుందమ్మా, కాస్త గోల తగ్గించు” అన్నది. అమ్మాయి ముఖం చిన్నబోయింది. ఉలికిపాటు వేరు, భయం వేరు. ఉలికిపాటు ఒంటికి చెందినది. క్షణంలో వచ్చి క్షణంలో పోతుంది. భయం మనసుకు చెందినది. దానికి ముందొక నిరీక్షణ ఉండాలి, వెనుక ఒక అనుబంధం ఉండాలి.

చలనచిత్ర చరిత్ర కూడా ఈ మాటే చెబుతుంది. 1942లో వాల్ లూటన్ నిర్మించగా జాక్ టూర్నర్ దర్శకత్వం వహించిన ‘క్యాట్ పీపుల్’లో, రాత్రి ఒంటరిగా నడిచిపోతున్న స్త్రీని ఎవరో వెంబడిస్తున్నారు. అడుగుల చప్పుడు వినిపిస్తుంది, ఆగిపోతుంది. సరిగ్గా ఆ నిశ్శబ్దంలోకి ఒక బస్సు బుస్సుమంటూ వచ్చి ఆగుతుంది. భయపెట్టింది మామూలు బస్సు. అందుకు చోటు సిద్ధం చేసింది నిశ్శబ్దం. హిచ్‌కాక్ ‘సైకో’ (1960)లోని స్నానాలగది దృశ్యాన్ని మొదట సంగీతం లేకుండా ఉంచదలచాడు; బెర్నార్డ్ హెర్మన్ సమకూర్చిన తంత్రీవాద్యాల అరుపు విని మనసు మార్చుకొన్నాడు. అదే హిచ్‌కాక్ మూడేళ్ల తరువాత ‘ద బర్డ్స్’లో వాడుకలో ఉన్న నేపథ్య సంగీతాన్నే వదలివేశాడు. దానికి బదులు ఓస్కార్ సాలా ట్రౌటోనియం అనే విద్యుద్వాద్యం మీద సృష్టించిన పక్షిరవాలను వాడాడు. మన భాషలో 1992లో రామ్‌గోపాల్ వర్మ తీసిన ‘రాత్రి’, పాడుపడిన బంగళాను వదలి మధ్యతరగతి కుటుంబం కొత్తగా చేరిన మామూలు ఇంటిలోకి భయాన్ని తెచ్చింది. మణిశర్మ నేపథ్య సంగీతం ఎంత పనిచేసిందో, ఆ ఇంటి ఖాళీతనమూ అంత పనిచేసింది. ఈ ఉదాహరణలు నేను చెప్పబోతే అమ్మాయి నవ్వి, “ఇవన్నీ పరీక్షల్లో వ్రాశాను మామయ్యా. చేతికి రావటం లేదు, అంతే” అన్నది.

అందుకని పుస్తకాలు పక్కన పెట్టి వినడానికి బయలుదేరాము. హేలీ రోడ్డు సమీపాన ఉన్న అగ్రసేన్ కీ బావోలీకి వెళ్లాము. అది నూరుకు పైబడిన మెట్లతో దిగుతూ పోయే పాత దిగుడుబావి. పైమెట్టు మీద కన్నాట్‌ప్లేస్ వైపునుంచి వాహనాల రొద చెవుల్లో పడుతూనే ఉంటుంది. మెట్టు మెట్టుకూ నగరం మన వెనుక తలుపు వేసుకొంటున్నట్లు ఆ రొద తగ్గిపోతుంది. అడుగుకు చేరేసరికి మిగిలేది పావురాల రెక్కల టపటపా, మన అడుగులకు గోడలిచ్చే బదులూ. అక్కడ ఏ దయ్యమూ లేదు. అయినా మాటలు వాటంతట అవే తగ్గిపోయాయి. “ఏం కలిసిందని కాదు మామయ్యా, ఏం పోయిందన్నది చూడాలి” అన్నది అమ్మాయి, తనలో తాను అనుకొంటున్నట్లు. విజయవాడ పెద్దాయన మాట దానికి దానంతటదే దొరికింది.

ఆ రాత్రి నుంచి కూర్పు బల్ల మీద తీసివేత ఆరంభమైంది. హోరు పోయింది, వాద్యఘోష పోయింది. వాటి స్థానంలో చౌకీదారు కర్ర వచ్చింది. చిత్రం మొదటినుంచీ కిటికీ అవతల అది లెక్కగా మోగుతుంటుంది. ఆరో నిమిషంలో ఒక దెబ్బ పడవలసిన చోట పడదు. అంతే. తెరమీద ఏమీ జరగదు. మా ఆవిడకు మళ్లీ చూపించినప్పుడు ఆ చోట ఆమె చేతిలోని కాయ చేతిలోనే నిలిచిపోయింది.

ఆ రోజుల్లోనే నాకొక విషయం తెలియవచ్చింది. పిల్లలు ఒక దృశ్యం కింద చాలా సన్నని, పదునైన స్వరమొకటి చేర్చి, వినమని హెడ్‌ఫోన్లు నా చెవులకు పెట్టారు. నాకేమీ వినబడలేదు. “ఇంకా మొదలుపెట్టలేదా?” అన్నాను. పక్కనున్న కుర్రవాడు అప్పటికే చెవులు మూసుకొన్నాడు. అది సెకనుకు 15,000 కంపనాల ధ్వని. మనిషి చెవి 20 మొదలు 20,000 కంపనాల వరకు వినగలదంటారు. వయసు మీదపడేకొద్దీ పైమెట్లు ముందుగా కూలిపోతాయి. ఈ సంగతి నేను చదివి ఉన్నాను. చదవటం వేరు, నలుగురు విన్నది నాకొక్కడికే వినబడకపోవటం వేరు. చప్పుళ్లనే ఆస్తిగా భావించుకొని బ్రతికినవాడికి, ఆ ఆస్తిలో కొంత ఎప్పుడు పోయిందో తెలియకుండానే పోయింది. అమ్మాయి నా ముఖం చూసి ఆ ధ్వనిని తీసివేసింది. “మీకు వినపడనిది నా సినిమాలో వద్దు మామయ్యా” అన్నది.

ఇక అసలు చిక్కు పిలుపు దగ్గర వచ్చింది. అమ్మమ్మ గొంతుకు ఇద్దరు ముగ్గురు పెద్ద వయసు స్త్రీల చేత చెప్పించి చూశారు. నటనగానే ఉన్నది. అప్పుడు నేను, ఆలోచించకుండా, నా బీరువాలోని క్యాసెట్టు సంగతి చెప్పాను. 1986 సంక్రాంతికి ఊరు వెళ్లినప్పుడు కొత్తగా కొన్న టేపు రికార్డరును వంటింటి గడప మీద పెట్టి మీట నొక్కాను. అమ్మకు తెలియదు. పంపుస్టవ్వు బుస, గరిటె కింద పెట్టిన చప్పుడు, దూరంగా నూతిగిలక మూలుగు. అది ఆగిన తరువాత, అన్నీ ఒక్కసారి సద్దుమణిగి ఒక క్షణం. ఆ పైన అమ్మ పిలుపు: “ఒరేయ్, చల్లారిపోతోందిరా, రా!” 1991లో అమ్మ పోయింది. ఆ తరువాత ఆ క్యాసెట్టును నేను మూడుసార్లకు మించి వినలేదు.

అమ్మాయి దాన్ని కంప్యూటరులోకి ఎక్కించి, చెవులకు పెట్టుకొని, చాలాసేపు కదలకుండా కూర్చున్నది. అమ్మమ్మ పోయిన చాలా ఏళ్లకు పుట్టిన పిల్ల. “మామయ్యా, సుర్రుమనే చప్పుడే ఎక్కువగా ఉంది, దానివెనుక ఎక్కడో అమ్మమ్మ ఉంది” అన్నది. నేనూ విన్నాను. నాకు ఆ సుర్రు దాదాపు వినిపించనే లేదు. అమ్మ గొంతు మాత్రం గడప అవతల ఉన్నంత స్పష్టంగా వినిపించింది. పైమెట్లు కూలిపోయిన చెవికి టేపు మోసుకొచ్చిన రొద అందటం లేదు. వయసు నానుంచి తీసుకొన్నదానికి బదులుగా ఇచ్చినది ఇదొక్కటి.

ఈ గొంతునే వాడుకొంటానన్నది అమ్మాయి. ఆ సాయంత్రమే విజయవాడనుంచి మా చెల్లెలు ఫోను చేసింది. “అన్నయ్యా, అమ్మను దయ్యాన్ని చేస్తారా?” అని ఒక్కమాట అడిగి, ఆపైన మాట్లాడలేకపోయింది. నేను జవాబు చెప్పలేదు. చెల్లెలి మాట న్యాయమే. ఆ పిలుపు ఒక ఇంటి గడప దాటి వచ్చినది. టిక్కెట్టు కొని చూసేవారి ఉలికిపాటు కోసం కాదు. అమ్మాయి మాటా తీసివేయతగినది కాదు. “మీ అందరికీ అమ్మమ్మ జ్ఞాపకాలున్నాయి. నాకున్నది ఈ గొంతు ఒక్కటే. నేను ఆవిడను భయానికి వాడటం లేదు మామయ్యా, ఆవిడ పిలిస్తే ఎలా ఉండేదో తెలుసుకోవాలనే ఈ కథ వ్రాశాను” అన్నది. ఆ మాటతో నాకు ఆ కథ మొదటిసారి అర్థమైంది. అందులోని యువతి మూడో పిలుపుకోసం ఎదురుచూసేది భయంతో కాదు, ఆశతో.

రెండు రోజులు ఇంట్లో ఎవరూ ఆ ప్రస్తావన తేలేదు. మూడోనాడు అమ్మాయి తానే పరిష్కారం కనుగొన్నది. ప్రతి గదికీ తనదైన నిశ్శబ్దం ఒకటి ఉంటుంది. చిత్రీకరణ ముగిశాక అందరినీ కదలకుండా నిలబెట్టి ఆ నిశ్శబ్దాన్ని ఒక నిమిషంపాటు పట్టుకోవటం ఈ వృత్తిలో పరిపాటి. మా నోయిడా ఫ్లాటు నిశ్శబ్దంలో ఫ్రిజ్జు గురగుర ఉన్నది, లిఫ్టు యంత్రం కదలిక ఉన్నది, ఎక్కడో కరెంటు మోత ఉన్నది. మా ఊరి వంటింటి నిశ్శబ్దంలో అవేవీ లేవు. “అమ్మమ్మ గొంతు వద్దు. గొంతుకు ముందున్న ఆ క్షణం నాకు ఇవ్వండి. ఆవిడ ఇల్లు ఇవ్వండి, ఆవిడను మీరే ఉంచుకోండి” అన్నది. నేను చెల్లెలికి ఫోను చేసి చెప్పాను. చాలాసేపటికి, “సరే అన్నయ్యా, పెట్టుకోనీ” అన్నది.

చిత్రం పూర్తయింది. ఢిల్లీలో ఒక చిన్న సభామందిరంలో, నలభై యాభై మంది ఎదుట ప్రదర్శించారు. ప్రేక్షకుల్లో తెలుగు తెలిసినవారు వేళ్ల మీద లెక్కింపదగినవారు. చౌకీదారు కర్ర మోగుతూ మోగుతూ ఒక దెబ్బ తప్పింది. హాలులో దగ్గు ఆగిపోయింది. ఆ తరువాత, ఎవరూ గమనించని విధంగా, ఫ్రిజ్జు గురగుర తొలగిపోయి మరొక ఇంటి నిశ్శబ్దం వచ్చి కూర్చున్నది. దూరంగా గిలక. తెరమీది యువతి వంటింటి వైపు తల తిప్పింది. పిలుపు మనకు వినిపించదు; ఆమెకు వినిపించిందని మాత్రం తెలుస్తుంది. నా ముందు వరుసలోని యువకుడు పక్కవాని చేయి పట్టుకొన్నాడు. రెండోసారి మళ్లీ ఆ నిశ్శబ్దం. ఒక స్త్రీ సన్నగా అరచి, తన అరుపుకు తానే సిగ్గుపడింది.

చివరి దృశ్యంలో తెర పూర్తిగా చీకటి అవుతుంది. స్టవ్వు బుస, గరిటె, గిలక. ఆ పైన అన్నీ సద్దుమణిగిన ఆ క్షణం. హాలంతా మూడో పిలుపుకోసం ఊపిరి బిగబట్టుకొని ఉన్నది. ఏమి రాబోతున్నదో వారికి తెలియదు. అదే వారి భయం. అక్కడున్న వారిలో నాకు, మేనకోడలికి మాత్రమే అది తెలుసు. చల్లారిపోతోందిరా అనే మాట వచ్చే చోటు నా చెవికి అంగుళం అంగుళం తెలుసు. ఆ చోటు వచ్చింది. మాట రాలేదు. వెలుతురు వచ్చింది, చప్పట్లు వచ్చాయి. పెదవుల దాకా వచ్చిన “వస్తున్నానమ్మా” అనే జవాబును నేను లోపలికి మింగుకొన్నాను. పక్కకు చూస్తే అమ్మాయి కళ్లు తుడుచుకొంటున్నది.

ఇంటికి వచ్చి మళ్లీ నాట్యశాస్త్రం తెరిచాను. రసాలకు అధిదేవతలను చెప్పేచోట భరతుడు భయానకానికి కాలుడిని, కరుణకు యముడిని నియమించాడు. ఇద్దరూ ఒక్కడే అనుకొనేవారున్నారు. ఒకే ధ్వని నలభై మందికి భయానకమై, ఇద్దరికి కరుణ అయిన సాయంత్రం చూసిన తరువాత, ఆ పెద్దవాడు ఆ ఇద్దరినీ ఇరుగుపొరుగున ఎందుకు కూర్చోబెట్టాడో నాకు బోధపడింది. ధ్వనిలో భయం లేదు, దుఃఖమూ లేదు. మనకు దానితో ఉన్న చుట్టరికంలోనే రెండూ ఉన్నాయి.

రాత్రి పడుకొన్నాక నోయిడా వీధిలో కాపలావాని ఈల వినిపించింది. క్యాసెట్టు బీరువాలోకి తిరిగి చేరింది. అందులోని మాట అందులోనే భద్రంగా ఉన్నది.